దిక్కులేనివాడి చిప్ప

దొంగతనం ఇంత తేలికని బాసిలియాకి ఈ వయసు వచ్చేదాకా తెలియదు. చెయ్యి చాచింది, తీసింది, శాలువా కిందికి తోసేసింది, అంతే. పిల్లలందరూ కందకం మీది వంతెన దగ్గర పాట నేర్చుకుంటున్నారు, ఉరియెల్ మాస్టారు కాగితం తోరణాలు కట్టడానికి నిచ్చెనెక్కి గోడవైపు తిరిగి ఉన్నాడు, కోట నడిమి వాకిట్లో తెల్లగుడ్డ పరిచిన పొడుగాటి బల్ల మీద బడిపిల్లలు ఇళ్ళనుంచి తెచ్చిన ఫోటోలన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఎవరి తాతలో, ఎవరి ముత్తవ్వలో, మెడ దాకా గుండీలు పెట్టుకుని కెమెరా ముందు బిగుసుకుపోయినవాళ్ళు. వాళ్ళ మధ్యలో తన కొడుకు. చొక్కా కూడా లేదు వెధవకి. దోనెలో నిలబడి, ఆక్టోపస్‌ని ఒంటిచేత్తో పైకెత్తి చూపిస్తూ, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ముసలివాళ్ళ పంక్తిలో పొరపాటున కూర్చున్న కుర్రాడిలా ఉన్నాడు. అక్కడ పెట్టింది మనవరాలు దాలియా. ఏడేళ్ళ పిల్ల, దానికేం తెలుసు, అందరూ తెస్తున్నారు కదాని అదీ తెచ్చింది. ఐదింటికి దీపాలు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమ మనిషి ముందు కొవ్వొత్తి వెలిగించి, పేరు పెట్టి, రా, తిను, అని పిలుస్తారు. పెద్దలకు పెట్టుకునే ఈ రోజుల్లో బల్ల మీద ముఖం పెట్టి, దీపం పెట్టి, పేరు పిలిచాక ఇంక ఆ మనిషి సంగతి తేల్చుకోవడానికి ఏముంటుంది? చచ్చినట్టే. ఫెర్మిన్ చచ్చిపోయాడని ఎవరు చూసొచ్చి చెప్పారు?

అందుకని తీసేసింది. తీశాక ఎటు పోవాలో తెలియక, ఎదురుగా కనబడిన గదిలోకి దూరింది. గోడలు రెండు బారల మందం, లోపల చీకటి, చల్లదనం, ఒకప్పుడు మందుగుండు దాచిన గదంటారు. ఓడదొంగలు మీదపడతారని స్పెయిన్ దొరలు కంపేచే ఊరి చివర గుట్ట మీద కట్టుకున్న కోట ఇది; దొంగలూ పోయారు, దొరలూ పోయారు, చివరికి కోటని మ్యూజియం చేసి, ఎవరి జోలికీ పోని వెనకటి మాయా జాతి రాజుల్ని అడవిలో సమాధుల్లోంచి తవ్వుకొచ్చి ఈ గదుల్లో కాపురం పెట్టించారు. ఎదురుగా అద్దం వెనక ఒక రాజుగారి ముఖం, పచ్చరాతి ముక్కలు అతికి చేసింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఏదో చెప్పబోయి ఆగినట్టు. కళ్ళు శంఖంతో చేసినవి, తెల్లగా, మూతపడని కళ్ళు. బాసిలియా ఆ ముఖం ఎదుటి బెంచీ మీద కూలబడింది. ఫోటో చట్రం అంచు పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. ఏం చూస్తావయ్యా, నీ కొడుకైతే నువ్వు చెయ్యవా, అని మనసులోనే ఆయన్ని కసిరింది. ఆయన మట్టిలో ముఖం పోగొట్టుకుంటే అవతల ఎవరూ పోల్చుకోలేరేమోనని కాబోలు, కూర్చుని ముక్కా ముక్కా అతికి ఇంకో ముఖం చేసిపెట్టారు. పుణ్యాత్ములు. అయితే వాళ్ళకి మనిషి ఎదురుగా ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిందని చేత్తో ముట్టి చూసుకున్నాకే కదా ఆ రాళ్ళు చెక్కడానికి కూర్చుంది.

మూడేళ్ళ కింద ఫెర్మిన్ వేటకి పోయిన ఆ రోజు గాలి లేదు. అదే ఆమెకి ఇప్పటికీ కొరుకుడుపడదు. ఉత్తరపు గాలి లేచిన రోజైతే ఆడవాళ్ళందరూ ఒడ్డుకు పరిగెత్తేవాళ్ళు, మొక్కుకునేవాళ్ళు, మగవాళ్ళని తిట్టేవాళ్ళు, ఏదో ఒకటి చేసేవాళ్ళు. ఆ రోజు మాత్రం ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. పెద్ద పడవ వెనక తాడు కట్టుకుని దోనెలు పోయాయి, తల్లి వెనక బాతుపిల్లలు పోయినట్టు. ఆక్టోపస్ వేట అంతే, అనువైన చోటు చూసి ఒక్కో దోనెనీ వదిలేస్తారు, దోనెకి ఒక్కడే మనిషి, అటో వెదురు గడ, ఇటో వెదురు గడ, వాటికి దారాలు, దారాల చివర పీతలు. ఇక ఆ మనిషి చెయ్యాల్సిందల్లా ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతూ దారం ఎక్కడ బరువెక్కుతుందో చూసుకోవడమే. ఆ ఒంటరితనం ఎలా పడుతుందిరా నీకు అని అడిగితే, నీ నోటికి అందనంత దూరం కదమ్మా, హాయిగా ఉంటుంది, అనేవాడు. సాయంత్రం పెద్ద పడవ వచ్చి ఒక్కొక్కరినీ ఏరుకుంటుంది. ఆ సాయంత్రమూ ఏరుకుంది. ఫెర్మిన్ ఉండాల్సిన చోటికి వచ్చేసరికి ఫెర్మిన్ లేడు, దోనె కూడా లేదు. మధ్యాహ్నం కాసేపు తెరలా వాన దిగిందట, వాన దిగకముందు చూసినప్పుడు ఉన్నాడట, వాన వెలిసేసరికి లేడట. తలకిందులైన దోనె దొరకలేదు, గడ ముక్క దొరకలేదు, నీళ్ళ డబ్బా అయినా దొరకలేదు. నౌకాదళం వాళ్ళు హెలికాప్టర్ తెచ్చి తిప్పారు, ఊరి పడవలన్నీ వేట మానేసి వెతికాయి, పడవ యజమాని గుమ్మంలో టోపీ చేత్తో నలుపుకుంటూ నిలబడి, నిలబడి వెళ్ళిపోయాడు.

మనిషీ దోనే రెండూ లేకపోతే మునిగాయనే ఎందుకనుకోవాలి? పోయాయనుకోవచ్చు కదా. సముద్రానికి అవతలి ఒడ్డు లేదా ఏమిటి. క్యూబా ఉంది, ఇంకా పైన ఎన్నో దీవులున్నాయట. వాళ్ళత్తగారు ఒక కథ చెప్పేది, వెనకటికి దక్షిణపు ఊళ్ళో ఒకడు ఇలాగే కొట్టుకుపోయి, గడ్డం బొడ్డు దాకా పెంచుకుని, సరిగ్గా పెద్దలకు పెట్టుకునే రోజునే ఇంటికొచ్చాడట. వచ్చేసరికి బల్ల మీద తన ఫోటో, ముందు దీపం, దీపం ముందు పళ్ళెం. ఇంట్లో అందరూ గుడికి పోయారు. ఆకలి మీద ఉన్నాడేమో పాపం, కూర్చుని తన పళ్ళెంలోది తనే తినేశాడు. ఆ ఏడు తిరక్కుండానే నిక్షేపంలాంటి మనిషి పోయాడు, ఏ జబ్బూ లేదు, ఏమీ లేదు. బతికున్నవాడికి చచ్చినవాడి కూడు పెడితే అంతేనే అమ్మాయ్, అనేది అత్తగారు, మొక్కజొన్న పిండి పిసుకుతూ, మామూలు మాటలాగా. అప్పుడు నవ్వుకుంది బాసిలియా. ఇప్పుడా మాట మెడకి చుట్టుకుని వదలదు. వీధి గేటుకి మూడేళ్ళుగా గడియ వేయలేదు. వాడు కాఫీ తాగే నీలం రేకు గ్లాసు మేకుకి వేలాడుతోంది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఒకసారి దాలియా అందులో నీళ్ళు పోసుకుంటే పిల్లని చెంప మీద కొట్టింది కూడా.

పొద్దున బస్సెక్కేముందు అదే పిల్ల మణికట్టుకి ఎర్రదారం కట్టింది. ఈ రోజుల్లో పిల్లలందరికీ కట్టాలి. దారం చూసి పెద్దలు దూరంగా ఉంటారు, లేకపోతే ముద్దొచ్చి ముట్టుకుంటారు, ముట్టుకుంటే వెంట తీసుకుపోతారు. మనవాళ్ళు కూడా తీసుకుపోతారా నానమ్మా, అని అడిగింది. మనవాళ్ళైనా అంతేనే, చచ్చినవాళ్ళకి మురిపెం ఎక్కువ, తెలివి తక్కువ, అంది బాసిలియా, ముడి వేస్తూ. మీ తాత అయినా సరే, ముట్టుకోనివ్వకూడదు. పిల్ల ఆ దారాన్ని దారి పొడుగునా తిప్పుకుంటూ కూర్చుంది. అప్పటికే దాని సంచిలో ఫోటో ఉంది. ఒళ్ళో సంచి పెట్టుకుని, దాని మీద చేతులు పెట్టుకుని, ఎంత బుద్ధిగా కూర్చుందో. తల్లీకూతుళ్ళు ఇద్దరూ కలిసి చేశారు ఈ పని. లేకపోతే గోడ మీది ఫోటో పిల్లకి ఎలా అందుతుంది?

"అత్తయ్యా."

కోడలు నోయెమీ గుమ్మంలో నిలబడి ఉంది. వెనక వాకిట్లోంచి వెలుతురు పడుతోంది, ముఖం కనబడలేదు, చేతుల నిండా బంతిపూల రేకులు మాత్రం కనబడ్డాయి.

"దాలియా వాళ్ళ నాన్న ఫోటో కనబడ్డం లేదు."

"గాలికి పడిపోయుంటుంది. బల్ల కింద చూడండి."

"చూశాం. ఇవాళ గాలి లేదత్తయ్యా."

నోయెమీ వచ్చి బెంచీకి ఆ చివర కూర్చుంది, రేకులు గౌనులో పోసుకుంది. అరవదు ఈ పిల్ల, అదే ఆమెతో వచ్చిన చిక్కు. అరిస్తే బాసిలియా కూడా అరిచేది, ఇద్దరూ జుట్లు పట్టుకుని ఏడ్చి తేల్చుకునేవాళ్ళు. మెల్లగా మాట్లాడుతుంది, రొట్టెల దుకాణంలో పొద్దున్నే పిండి తూచి ఇచ్చినట్టు. బళ్ళో ఎవరో దాలియాని అడిగారట, మీ నాన్న చచ్చిపోయాడా, మిమ్మల్ని వదిలేసి పోయాడా, అని. తెలీదు అందట. అందరూ నవ్వారట. తండ్రి చచ్చిన పిల్లలున్నారు, తండ్రి లేచిపోయిన పిల్లలున్నారు, తెలీదు అనే పిల్ల ఇది ఒక్కతే. ఇంటికొచ్చి, రెండిట్లో ఏది చెప్పమంటావమ్మా, ఏదో ఒకటి చెప్పేస్తాను, అందట.

"మట్టిలో ఉండుంటే ఈ ఏడు ఎముకలు పైకి తీసేవాళ్ళం. మూడేళ్ళు నిండాయిగా," అంది నోయెమీ. "నేనే తుడిచేదాన్ని. మీరు మావయ్యగారివి తుడుస్తుంటే చూసి నేర్చుకున్నాను. ముందు కాళ్ళవి, చివర తల. గుడ్డ కూడా కుట్టిపెట్టాను, మీకు చూపించలేదు."

"వస్తాడే అమ్మాయ్."

"వస్తే నాకంటే సంతోషించేవాళ్ళెవరత్తయ్యా? నన్ను బతికుండగానే చంపావేమని అడిగితే, ఆయన చేత చెప్పుతో కొట్టించుకుంటాను." లేచి నిలబడింది. "ఐదింటికి దీపాలు. మీరు తెచ్చి పెడితే పెట్టండి, లేకపోతే లేదు. నేను మీ శాలువా విప్పి చూడను."

వెళ్ళిపోయింది. బెంచీ మీద రెండు రేకులు మిగిలాయి. గుడ్డ కుట్టిందట. పేరు కూడా కుట్టే ఉంటుంది, మూల మీద, ఎర్రదారంతోనో నీలంతోనో, చుట్టూ పువ్వులు. ఎప్పుడు కుట్టింది? తను గుడికి పోయినప్పుడు కాబోలు, తలుపేసుకుని. ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెని ఏ వరసలో కూర్చోబెట్టాలో తెలియక పండగ రోజుల్లో పిలవడమే మానేశారు. నల్లబట్ట కట్టుకుంటే మొగుణ్ణి చంపేసిందంటారు, రంగుబట్ట కట్టుకుంటే మొగుడు పోయినా సిగ్గులేదంటారు. ఇవన్నీ బాసిలియాకి తెలుసు. తెలిసి ఏం చెయ్యాలి? కోడలి కడుపు చల్లగా ఉండాలని కొడుకుని పూడ్చిపెట్టాలా, పూడ్చడానికి వెంట్రుక కూడా లేకుండా?

అక్కడ కూర్చోలేకపోయింది. పక్క గదిలోకి పోయింది. ఆ గదిలో ఒక మనిషి ఎముకలు, దొరికినవి దొరికినట్టే, మోకాళ్ళు ముడుచుకుని, పక్కకి ఒరిగి. ఆమె చెయ్యి దానంతటదే శాలువా కొంగు మీదికి పోయింది, తుడవడానికి. పుట్టింటి అలవాటు. ఆమె పుట్టిన ఊళ్ళో, సముద్రానికి దూరంగా, మూడేళ్ళయ్యాక మనిషిని మట్టిలోంచి తీసి చెక్కపెట్టెలో పెట్టుకుంటారు, ఏటా ఈ రోజుల ముందు పోయి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, పాతగుడ్డ తీసి కొత్తగుడ్డ వేసి, ఆ ఏడు జరిగినవన్నీ చెప్పి వస్తారు. అమ్మా, మేకని అమ్మేశాం. అమ్మా, చిన్నవాడికి పళ్ళొచ్చాయి. భయం ఉండదు, అసహ్యం ఉండదు, వాళ్ళమ్మ తల దువ్వినట్టే ఉండేది ఆమెకి. పెళ్ళయి సముద్రపు ఊరికి వచ్చాక మొగుడు క్రెసెన్సియోకి కూడా అలాగే చేసింది, మొదట్లో నవ్వినవాళ్ళే తరవాత, అదృష్టవంతుడమ్మా నీ మొగుడు, ఏటా స్నానం చేయిస్తావు, అన్నారు. ఎముకలుంటే ఏడుపుకి చేతినిండా పని ఉంటుంది. తుడవాలి, ఎండలో పెట్టాలి, గుడ్డ మార్చాలి, చేసి చేసి అలిసిపోయి ఆ రాత్రికి నిద్రపడుతుంది. ఫెర్మిన్‌కి తుడవడానికి ఏముంది? ఈ గాజుపెట్టెలో ఎవడో, ఎవరి కొడుకో, వెయ్యేళ్ళు పోయినా దొరికాడు. నిన్న మొన్న పోయినవాడు దొరకలేదు. ఈ మాటకి ఆమెకి కోపం వచ్చింది, దుఃఖం కాదు, కోపమే, ఆ ముడుచుకున్న మనిషి మీద కూడా.

పక్కనే ఒక పళ్ళెం. మట్టిది, లోపల నల్లగీతలతో ఏదో పక్షి, చూడముచ్చటగా ఉంది, నట్టనడుమ మాత్రం బెజ్జం. విరిగింది కాదు, పనిగట్టుకుని పొడిచింది. పొద్దున మాస్టారు పిల్లలకి చెబుతుంటే విన్నది, మనిషితోపాటు పెట్టేముందు పళ్ళేన్ని కూడా చంపేవాళ్ళట. పెద్దపిల్లవాడొకడు, పళ్ళెం ఎలా చస్తుంది మాస్టారూ, అని కిసుక్కుమన్నాడు. బాసిలియా నవ్వలేదు. బతికున్న పళ్ళెంలో పెట్టింది చచ్చినవాడికి అందదన్నమాట. అందాలంటే ముందు మేకు పెట్టి పొడవాలి. ఎవరు పొడిచి ఉంటారు దీన్ని? ఇంత అందమైన పక్షి నడిబొడ్డున మేకు పెట్టడానికి ఎవరికి చెయ్యి వచ్చి ఉంటుంది? తల్లులే పొడిచి ఉంటారు. ఇంకెవరు చేస్తారు ఇలాంటి పనులు. ఇంట్లో మేకుకి వేలాడే నీలం గ్లాసు గుర్తొచ్చింది. చిప్ప గుర్తొచ్చింది.

చిప్ప సంగతి ఎవరికీ తెలియదు. ప్రతి ఇంట్లోనూ బల్లకి దూరంగా, గుమ్మం బయట చెట్టుకొమ్మకి, ఒక ఎండు కాయచిప్ప వేలాడదీస్తారు, అది దిక్కులేని ఆత్మకి. పేరు పెట్టి పిలిచే దిక్కు లేనివాడు, ఏ బల్ల దగ్గరా చోటు లేనివాడు, ఇల్లిల్లూ తిరిగి ఆ చిప్పల్లోది తిని పోతాడు. అందరూ అందులో వేసేది మిగిలిందీ చితికిందీ, మట్టిగుంటలో ఉడికించిన పిబ్ అనే మొక్కజొన్న రొట్టె మాడుముక్క, ఒక కమలాపండు. బాసిలియా మాత్రం మూడేళ్ళుగా ఆ చిప్పలో మొక్కజొన్న రొట్టెల మధ్య సొరచేప పిట్టు పెట్టి, పైన టమాటా పులుసు పోసి, నెత్తిన గుండ్రటి మిరపకాయ ఒకటి నిలబెడుతోంది. ఫెర్మిన్ అలాగే తినేవాడు, ఆ మిరపకాయని చివరికి ఒక్క కొరుకులో నమిలి, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, ఏమీ లేదమ్మా, చప్పగా ఉంది, అనేవాడు. బతికుంటే గొడవే లేదు, అది దిక్కులేనివాడి కూడు, ఎవడో తిన్నాడు, కొడుక్కి అపశకునమేమీ కాదు. ఒకవేళ... ఆ ఒకవేళ తరవాతి మాట ఆమె ఎప్పుడూ లోపల కూడా అనుకోలేదు. ఒకవేళైతే ఆకలితో పోడు. కర్ర విరగకుండా పాము చావకుండా భలే దారి కనిపెట్టాననుకుంది పిచ్చిది. మూడేళ్ళు అలా నెట్టుకొచ్చింది.

మిద్దె మీదికి ఏటవాలు దారి ఉంది, ఫిరంగులు ఈడ్చుకుపోయిన దారి. గోడ పట్టుకుని ఎక్కింది. పైన ఎండ చురుక్కుమంది. ఫిరంగులు ఇంకా సముద్రం వైపే మూతులు పెట్టుకుని ఉన్నాయి, వాటిలో ఎవరో మిఠాయి కాగితాలు కూరారు. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది, అల లేదు, నురగ లేదు, కంపేచే సముద్రం ఎప్పుడూ ఇంతే, నంగనాచి. దూరంగా దోనెలు చుక్కల్లా కనబడుతున్నాయి, ఆక్టోపస్ రోజులు కదా, ఒక్కో చుక్కలో ఒక్కో తల్లి కొడుకు. ఉత్తరంగా, ఇక్కడికి కనబడదు, చచ్చినవాళ్ళ దీవి ఉంది, వెనకటివాళ్ళు తమవాళ్ళని పడవల్లో తీసుకుపోయి అక్కడ పాతిపెట్టేవాళ్ళట, చేతిలో ఒక మట్టిబొమ్మ పెట్టి. కింద గదిలో ఉన్నాయి ఆ బొమ్మలు, జానెడు పొడుగు. వట్టి చేతులతో పోకూడదని. ఫెర్మిన్ చేతిలో ఏముంది, తడి దారం.

శాలువా కిందనించి ఫోటో తీసింది. ఎండకి అద్దం మీద తన ముఖమే కనబడింది ముందు, తరవాత వాడి నవ్వు. ఒరేయ్, అంది. ఏమని అడగాలి? ఉన్నావా అని అడిగితే ఈ సముద్రమంతా విని నవ్వుతుంది. ఆమెకి తెలుసు. మొదటి రాత్రే తెలుసు, అందరూ దీపాలు పట్టుకుని ఒడ్డున అరుస్తుంటే ఆమె గొంతు లేవలేదు, పిలిచినా వినే దూరంలో లేడని అప్పుడే తెలిసింది. తెలిసినదాన్ని మూడేళ్ళుగా గుమ్మం బయట నిలబెట్టి, లోపలికి రానివ్వకుండా, గేటుకి గడియ వేయకుండా, పిల్లని చెంప మీద కొట్టి, కోడలికి నల్లబట్టా రంగుబట్టా దక్కకుండా చేసి, తనొక్కతే వాడిని బతికించుకుంటున్నాననుకుంది. అయినా సరే, తెలియడం వేరు, తన చేత్తో చేయడం వేరు. ఎవరైనా చేసుకోనీ. నేను చెయ్యను. కన్నదాన్ని కాబట్టి చెయ్యను. ఫోటోని మళ్ళీ శాలువాలో దాచేసింది. కింద పాట ఆగిపోయింది. మాస్టారు చప్పట్లు కొట్టి పిల్లల్ని పిలుస్తున్నాడు. బస్సు టైము అడిగి, పిల్లని తీసుకుని ఇంటికి పోదామనుకుంటూ దిగింది.

వాకిట్లో పిల్లలందరూ బల్ల చుట్టూ మూగి ఉన్నారు. కొవ్వొత్తులు పంచుతున్నారు. తను ఖాళీ చేసిన చోటు ఖాళీగా లేదు. బాసిలియా దూరం నుంచే చూసింది, ముందు అర్థం కాలేదు, రెండడుగులు వేశాక అర్థమైంది. ఇద్దరు ముసలివాళ్ళ ఫోటోల మధ్య కాయచిప్ప. కోట గుమ్మం దగ్గర నిమ్మకొమ్మకి కట్టి ఉంచిన దిక్కులేనివాడి చిప్పని ఎవరో విప్పి తెచ్చి బల్ల మీద పెట్టారు. మాస్టారు దాలియా ముందు గొంతుక్కూచుని మెల్లగా చెబుతున్నాడు, ఇది బయట ఉండాలి తల్లీ, బల్ల మీద పెట్టకూడదు, ఇది ఎవరూ లేనివాళ్ళది, అని.

"మా నాన్నదే అది," అంది దాలియా. దబాయించినట్టు కాదు, తెలియనివాడికి చెప్పినట్టు. "ఫోటో పోయింది కదా. ఫోటో లేకపోయినా ఫరవాలేదు, మా నాన్న ఎప్పుడూ చిప్పలోనే తింటాడు. నానమ్మ బయట చెట్టుకి కడుతుంది. సొరపిట్టు పెడుతుంది, మిరపకాయ పెడుతుంది. లోపలికి రానివ్వదు."

పిల్లలు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నోయెమీ బల్ల చివర కొవ్వొత్తులు పట్టుకుని నిలబడి ఉంది, అత్తగారి వైపు చూడలేదు, కళ్ళు ఆ చిప్ప మీదే ఉన్నాయి. బాసిలియా చెవిలో ఆ మాటే మిగిలింది. లోపలికి రానివ్వదు. మూడేళ్ళు. ప్రతి ఇంటి బల్ల దగ్గరా వాళ్ళ వాళ్ళ పెద్దలు కూర్చుని తింటుంటే, ఊరూపేరూ లేనివాళ్ళతో కలిసి, చెట్టుకింద, చీమలు పట్టిన చిప్ప. తన ఇంటి గుమ్మంలో. లోపల దీపం వెలుగుతూ ఉంటుంది, వాడి తండ్రి పేరు పిలుస్తారు, వాళ్ళ అవ్వ పేరు పిలుస్తారు, వాడి పేరు మాత్రం ఎవరూ పిలవరు. చచ్చిపోయాడు అనకుండా ఉండడం కోసం కన్నతల్లే దిక్కులేనివాణ్ణి చేసింది.

బాసిలియా పిల్లల్ని తప్పించుకుంటూ బల్ల దాకా వెళ్ళింది. చిప్ప తీసి మాస్టారి చేతికిచ్చి, బయట కట్టిరా నాయనా, ఎవరికైనా కావాలి, అంది. శాలువా విప్పి ఫోటో తీసింది. అద్దం మీద తన వేలిముద్రలుంటే కొంగుతో తుడిచింది, అంచులు తుడిచింది, మూలలు తుడిచింది, తుడవాల్సినదానికంటే ఎక్కువసేపే తుడిచింది, నోయెమీ వచ్చి మోచెయ్యి పట్టుకునేదాకా. అప్పుడు బల్ల మీద నిలబెట్టింది. కొవ్వొత్తి వెలిగించమని దాలియాకి ఇవ్వబోయి, మానుకుని, తనే వెలిగించింది. ఈ పని పిల్ల చేత చేయించకూడదు. ఒత్తి ఒక్కసారికే అంటుకుంది, గాలి లేదు కదా.

"ఫెర్మిన్," అంది. తనకే వినబడలేదు, రెండోసారి పిలవాల్సివచ్చింది. "ఫెర్మిన్, నాయనా. ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. లోపలికొచ్చి కూర్చో. తిందువుగాని రా."

పిల్లలు వాళ్ళ వాళ్ళ దీపాలు పెట్టుకున్నారు, ఒక్కొక్కరూ ఒక్కో పేరు పిలుస్తున్నారు, వాకిలంతా పేర్లతో నిండిపోయింది. నోయెమీ అత్తగారి భుజం మీద నుదురు ఆనించి నిశ్శబ్దంగా ఏడుస్తోంది, మొగుడు పోయినదానిలాగా, ఇన్నాళ్ళకి. బాసిలియాకి కన్నీళ్ళు రాలేదు. గేటుకి గడియ వెయ్యాలి ఇవాళ, అనుకుంది. గ్లాసు మేకు మీంచి దించాలి. ఇంక చెయ్యాల్సినవి ఇవే, రాత్రికల్లా అయిపోతాయి, ఆ తరవాత ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు.

దాలియా ఫోటో ముందుకి జరిగి, బల్ల అంచు మీద గడ్డం ఆనించి, కొవ్వొత్తి వెనకాల నీడలోకి కళ్ళు చిట్లించి చూస్తోంది. ఒక చెయ్యి ముందుకి చాచి బల్ల మీద పెట్టింది, అరచెయ్యి పైకి. బాసిలియా ఆ చేతిని చూసింది. మణికట్టు బోసిగా ఉంది.

"దారం ఏదే?"

"తీసేశా నానమ్మా," అంది పిల్ల, చూపు తిప్పకుండా. "దారం ఉంటే ముట్టుకోరన్నావుగా. నాన్న వస్తాడుగా ఇప్పుడు."

రెండో చెయ్యి గుప్పిట మూసి ఉంది. బాసిలియా ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. చెమటకి తడిసి ముద్దయి ఉంది దారం. పిల్ల చెయ్యి లాక్కోబోయింది, వద్దు నానమ్మా, వద్దు, అంది, ఏడుపు మొదలెట్టింది. బాసిలియా వదల్లేదు. కొడుకు నవ్వుతూ చూస్తుండగా, వాడి ఎదుటే, వాడి కూతురి మణికట్టుకి ఎర్రదారం చుట్టి, ముడి వేసి, గట్టిగా బిగించి, ఊడిపోదు కదా అని మళ్ళీ ఒకసారి లాగి చూసింది.